నూట ఎనభై ఎనిమిది రోజులు

2013 జూలై, సోమవారం రాత్రి, ఎల్లారెడ్డి

థాయిలాండ్‌లో గది అద్దెకు తీసుకుని, లాప్‌టాప్ మీద విదేశీ కంపెనీకి పనిచేసి, జీతం అక్కడి బ్యాంకులోనే దాచుకున్నాను కదా, ఇక్కడ పన్నేముంటుంది అనుకున్నాను. పొద్దున కామారెడ్డిలో ఆడిటర్ నా పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు లెక్కపెట్టాడు.

"మార్చి దాకా ఏడాదిల నూట ఎనభై ఎనిమిది రోజులు ఈడనే ఉన్నవమ్మా. నూట ఎనభై రెండు నిండితె చాలు, ఈడి మనిషి కిందనే లెక్క. థాయిలాండ్‌ల సంపాయించింది గూడ చూపియ్యాలె, పన్ను కట్టాలె."

ఆ రోజులన్నీ నడుము ఆపరేషనైన అక్క దగ్గరే ఉన్నాను. దాచుకున్నదాంట్లో చాలావరకు పోతుంది.

ఇంటికొచ్చి చెబితే అక్క బీడీలు చుట్టడం ఆపేసింది. "నన్ను చూసుకున్నందుకు గూడ పన్నా? ఓ వారం ముందుగాల్నే పోకపోతివే!"

నిజమే, వారం ముందు వెళ్లుంటే తప్పేది. వెళ్లేముందు ఆ చివరి వారం ఏం చేశానా అని ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నాను. అక్క గోడ పట్టుకోకుండా వాకిలి దాకా నడిచింది ఆ వారంలోనే. పడిపోతుందేమోనని చేతులు చాపి వెనకే నడిచాను.

ఎల్లుండి ఆడిటర్ దగ్గరికి వెళ్లి పన్ను కాగితాల మీద సంతకం పెడతాను. ఎంత కట్టానో మాత్రం అక్కకు చెప్పను.