నీళ్లు తేటపడేదాకా

ధర్మవరం,
1 మార్చి 2024, శుక్రవారం.

చిరంజీవి సువర్ణా,

సోమవారం నువ్వు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరుతున్నావని ఇప్పుడే మన వీధి ఆదెన్న చెప్పాడు. నువ్వు మా ఫోన్లు ఎత్తవు. రేపు పొద్దున్నే అతను మీ పుట్టినూరు గుమ్మఘట్ట మీదుగా పోతున్నాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు ఆ ఫ్యాక్టరీ గడప తొక్కేలోపు నీకు ఒక నిజం తెలియాలి. నాకూ ఈ ఉదయమే తెలిసింది.

మా అక్క కర్మలకు నేను పామిడిలో ఉండగా నువ్వు ఫోన్ చేశావు. "అవ్వా, రన్ అంటే పరిగెత్తడమే గదా? రంగుకేమన్నా కాళ్లుండాయా పరిగెత్తేకి?" అన్నావు. ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఆ మాట దొరికితే వదులుతానా? మనకు నీళ్లు పారతాయి, మగ్గం ఆడుతుంది, బస్సు తిరుగుతుంది, ఇల్లు నడుస్తుంది, జలుబు చేస్తే ముక్కు కారుతుంది, ఎన్నికల్లో మనిషి నిలబడతాడు. వాళ్లు అన్నింటికీ రన్ అనే అంటారని పాఠం మొదలుపెట్టాను. నిలబడ్డాన్ని కూడా పరుగే అంటారంటే నవ్వుతావనుకున్నాను. నవ్వలేదు. ఆఖరికి, రంగు విషయంలో అయితే ఒకదాని రంగు ఇంకొకదానికి అంటుకోవడం అన్నాను. "అంతేనా అవ్వా" అని పెట్టేశావు. ఎందుకు అడుగుతున్నావని నేను అడగలేదు.

ఇంటికొచ్చాక తెలిసింది. బెంగళూరులో ఎవరిదో నిశ్చితార్థం నాడు పెళ్లికూతురి ఒడిలో కలశం నీళ్లు ఒలికి, మనం నేసిన చీర ఎర్ర అంచు రంగు తెల్లటి నేతలోకి దిగిపోయిందట. మనచేత నేయించే షావుకారు పంపిన ఇంగ్లీషు మెసేజ్‌లో ఉన్న మాట ఆ 'రన్' అట. వీరేష్ వీధిలోకి వచ్చి, "రంగు కలిపేకి చేతగానిదానివి, నా మగ్గమే ఆడకుండా నిలబెడితివి గదే!" అని అరిచాడట. నువ్వు పాప త్రివేణి చెయ్యి పట్టుకుని బస్సెక్కావు.

ఎదురింటి ముత్యాలప్ప నన్ను చూడగానే, "ఏం టీచరమ్మా, మీ మనవడి పెండ్లాము పారిపోయిందంట గదా?" అన్నాడు.

"పోయింది. పారిపోలేదు. నువ్వు నీ పని చూసుకో" అన్నాను.

రెండు మగ్గాలూ ఆగి పదకొండు రోజులైంది. షావుకారు పట్టు ఇవ్వడం మానేశాడు. నేయడానికి సరిపడా నూలు లేకపోయినా వీరేష్ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటుంది. వాడు ఏడేళ్ల పిల్లవాడిగా నా దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఇంత మూగగా లేడు. వాడిని ఒంటరిగా వదిలి కూరగాయలకు పోవాలన్నా నాకు భయంగా ఉంది.

ఈ ఉదయం ఏదో ఒక పని చేయించాలని, నువ్వు కలిపి సీసాలో ఉంచిన ఎర్ర రంగుతో మిగిలిన పట్టు నూలు ఒక చిలప చుట్ట అద్దమన్నాను. అద్దాడు. రెండుసార్లు జాడించి, పిండి, లేచాడు.

"అదేం, అప్పుడే లేచినావు?"

"చాల్లే అవ్వా. ఇంగా నీళ్లు యాడుండాయి? ట్యాంకరు వచ్చి నాలుగు దినాలాయ."

"ఆ చీర అంచుకు రంగేసిన దినం ఎన్నిసార్లు జాడించినావు?"

వాడు గోడ వైపు తిరిగాడు. "పాపకు జ్వరమని అది ఆస్పత్రికి పోయింది. నీళ్లు తేటపడేదాకా జాడించమని చెప్పే పోయింది. డ్రమ్ములో అడుగు కనపడతాంటే నాకు చేతులు రాలేదు. రెండుసార్లే."

నేను లేచి తాగే నీళ్ల బిందె తెచ్చి వాడి ముందు పెట్టాను. ఆ నూలునే ఇంకో నాలుగుసార్లు జాడించాడు. తడి తెల్లగుడ్డతో గట్టిగా తుడిచాను. మరక లేదు. నీ రంగులో ఏ లోపమూ లేదు, తల్లీ.

వాడు నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. నీళ్లకు భయపడినందుకు వాడిని క్షమించగలను. ఈ ఊళ్లో ఆ భయం లేనివాళ్లెవరు? తెలిసీ ఆ నింద నీ నెత్తిన పెట్టి ఇన్నాళ్లు నోరు మూసుకున్నందుకు క్షమించలేను. నువ్వు క్షమించాలని అడిగే హక్కు కూడా నాకు లేదు. "వచ్చెయ్యి" అని రాయమని చెయ్యి లాగుతోంది. రాయను. జరిగినదీ, జరగవలసిందీ మాత్రం రాస్తున్నాను.

1. తప్పు ఎక్కడ జరిగిందో షావుకారుకు ఫోన్‌లో చెప్పేశాను. పట్టు ఇస్తాడో ఇవ్వడో తెలియదు. నీ పేరు మీద మాట మాత్రం ఉండదు.

2. ఈ సాయంత్రం ముత్యాలప్ప ఇంటి ముందు నిలబడి, ఆ రోజు ఎంత గట్టిగా అరిచాడో అంతే గట్టిగా వీరేష్ నిజం చెప్పాలి. నేను పక్కనే ఉంటాను.

3. ఆదివారం వాడు గుమ్మఘట్టకు వచ్చి మీ నాయన ముందు అదే చెప్తాడు. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.

4. మళ్లీ ఎప్పుడైనా ఈ ఇంట్లో రంగు వేస్తే, ఎన్ని నీళ్లు కావాలో నువ్వు చెప్పాలి. మిగిలిన వాటితోనే మా స్నానాలు, వంట.

5. సోమవారం నీకు ఫ్యాక్టరీకే పోవాలనిపిస్తే పో. వీరేష్ అక్కడే ఉండి త్రివేణిని చూసుకుంటాడు, అన్నం వండుతాడు. మీ నాయన ఇంట్లో ఉండనివ్వకపోతే ఊళ్లో గది వెతుక్కుంటాడు. నువ్వు పొమ్మనేదాకా వాడు ధర్మవరం రాకూడదు. మగ్గాలు ఆగితే ఆగనీ.

మీ అవ్వ,
ఉమాదేవి