కుట్టు మిషను అమ్మొద్దు

అమ్మా, మేమిద్దరం క్షేమం, కంగారు పడకు.

అక్క ఇక కుట్టలేదని నాన్న అమ్మకానికి పెట్టిన మిషను కోసం ఎవరైనా వస్తే గుమ్మంలోంచే తిప్పి పంపెయ్యి. అక్క చేతులు తిరిగొచ్చాయి.

ఆ కీళ్లవాతానికి ఇక్కడి ఆసుపత్రిలో మూడు రోజులు వరసగా సెలైన్లో పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఎక్కించారు. మొదటి రోజే నేను డాక్టరమ్మతో తగువు పడ్డాను. ఇది విషమని, అంతా కంపెనీల లాభం కోసమని మా సంఘం కరపత్రం తీసి చదివి వినిపించాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఒంట్లో కాపలా సైన్యమే సొంత కీళ్ల మీద పడింది బాబూ, దాన్ని గట్టిగా అదిలించాలి" అంది. అక్కయితే, "సూది నాకా, నీ కరపత్రానికా? నోర్మూసుకుని కూర్చో" అంది.

నిన్న పొద్దున నేను మళ్లీ ఉపన్యాసం ఎత్తుకోగానే అక్క నా చెవి పట్టుకుని మెలిపెట్టింది. మొన్నటిదాకా చెంచా పట్టలేని వేళ్లతోనే. వార్డంతా నవ్వింది. చెవి ఇంకా మండుతోంది, దీన్ని ఊరంతా తిప్పి చూపించాలని ఉంది. మందు ధర మీద మాత్రం నా పోరాటం ఆగదు.

జబ్బు పూర్తిగా పోలేదట. మాత్రలు సొంతంగా ఆపకూడదు. వాటివల్ల అక్క ముఖం కాస్త ఉబ్బవచ్చట, అత్తయ్య ఆ మాట ఎత్తకుండా చూసుకో. వంటింటి కప్పు కారడం ఆగిందా? మిషనుకు నూనె వేయించి కిటికీ దగ్గరికి జరిపించు. నాన్నకు నమస్కారాలు.

చోటు అయిపోయింది. కార్డు తిప్పి అడ్రసు చూడు. ఆ అక్షరాలు నావి కావు.