ఖలీల్ భుజానికి వేసిన సూది

గుంటూరు,
2025 ఏప్రిల్ 20.

శ్రీరమ్య వదినకు,

సాజిదా సలాములు. నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలని అల్లాను వేడుకుంటున్నాను. మొన్న ఖననానికి వచ్చినప్పుడు, మా ఆయనకు, నీ ఖలీల్ అన్నయ్యకు ఉన్నట్టుండి ఏమైందని అడిగావు. అందరూ గుండెపోటు అనుకుంటున్నారు. కాదు వదినా.

మిర్చియార్డులో బస్తాలు మోసి మోసి ఆయన కుడి భుజం పాడైంది. లోపల నరం చిరిగింది, ఆపరేషన్ చేయించుకుని ఆర్నెల్లు బరువు ఎత్తకూడదన్నారు ఆసుపత్రిలో. సీజన్ మొదలయ్యే రోజుల్లో ఆయన వింటారా! జిమ్ నడిపే వాసిం ఒక చిన్న సీసా తెచ్చిచ్చాడు. పెప్టైడ్ అనే సూదిమందు అట. విదేశాల్లో ఆటగాళ్లు వాడతారట, చిరిగిన నరం దానంతటదే అతుక్కుంటుందట. మా నస్రత్ సీసా మీది ఇంగ్లీషు చదివి, మనుషులకు వాడకూడదని ఉంది నాన్నా అని మొత్తుకుంది. ఇంకా అనుమతి రాలేదు కాబట్టి అట్లా రాస్తారులే అని వాసిం నవ్వేశాడు.

అబద్ధమెందుకు, భుజానికి ఆ సూది వేసుకున్నాక నొప్పి తగ్గింది. చెయ్యి పైకెత్తి ఫ్యాను రెక్కలు తుడిచి చూపించారు. నాకెంత సంతోషమేసిందో!

తర్వాత సూది వేసినచోట ఎర్రగా వాచింది. చలిజ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చేసరికే రక్తమంతా విషమైపోయిందన్నారు. డాక్టరమ్మ ఆ సీసా తిప్పి తిప్పి చూసింది. చక్కెర జబ్బుకు వేసే ఇన్సులిన్ కూడా పెప్టైడేనమ్మా, కానీ దాన్ని పరీక్షించి, ఎంత వేయాలో తేల్చి అనుమతిచ్చారు, దీంట్లో ఏముందో ఎవరికి తెలుసు అంది. ప్రాణం తీసింది ఆ మందా, సీసాలో కలిసిన మురికా అని అడిగాను. నా చెయ్యి పట్టుకుని, తెలియదమ్మా అంది. దేన్ని తిట్టుకోవాలో కూడా తెలియకుండా పోయారు వదినా.

మాలో భర్త పోతే పాటించే ఇద్దత్‌లో ఉన్నాను, గడప దాటలేను. అలవాటుకొద్దీ ఆయనక్కూడా కలిపి బియ్యం పోసేస్తున్నాను. నస్రత్ ఆ మిగిలిందే రాత్రికి తింటోంది.

నీ
సాజిదా

తా.క.: అసలు సంగతి పైన రాయడానికి చెయ్యి ఆడలేదు. మీ ఆయన యలమంద అన్నయ్య నడుంనొప్పి మర్దనతో తగ్గిందని నువ్వు మురిసిపోయావు. మర్దనతో కాదు. ఖలీల్‌కు నయమైందని చూసి తనూ అవే సీసాలు పర్చూరు పట్టుకెళ్లాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఖలీల్ చివరిగా నాతో అన్నది ఒకటే, యలమందను ఆపమని. ఖననం రోజు అన్నయ్య నీ పక్కనుంచి కదల్లేదు. నీకు ఫోన్ చేస్తే తనే ఎత్తి, నాకేం కాలేదు, దానికి చెప్పకమ్మా అని పెట్టేస్తున్నాడు. అందుకే నస్రత్‌ను బస్సెక్కించి ఈ ఉత్తరం పంపుతున్నాను. ఏడుస్తూ కూర్చోకు వదినా. ముందు లేచి అన్నయ్య ఒంటి మీద చెయ్యి వేసి చూడు. వెచ్చగా ఉంటే కట్టుబట్టలతోనే ఒంగోలు ఆసుపత్రికి బయల్దేరండి.