మూడో తొమ్మిది

చిరంజీవి కోడలికి, అత్తయ్య ఆశీర్వదించి రాయునది. నేను ఇక్కడ కులాసాగా ఉన్నానని ముందు రాయాలి గనుక రాస్తున్నాను. అందులో ఎంత నిజముందో చివర నువ్వే చూసుకుందువు. ఆస్పత్రిలో నీ డ్యూటీ కింది వార్డుకి మార్చారన్నావు. మెట్లెక్కే బాధ తప్పింది, అదే పదివేలు. ఫోన్‌లో అయితే ఇవన్నీ చెప్పలేను, అందుకే ఈ కాగితం.

నువ్వు మూడు సంగతులు అడిగావు. బలానికని నువ్వు పంపిన ప్రోటీన్ పొడి తాగుతున్నానా అన్నది మొదటిది. పాలల్లో రెండు చెంచాలు, పొద్దునా సాయంత్రం అని డబ్బా మీద నీ చేత్తో రాసి అంటించావు. డబ్బా అయితే చక్కగా ఖాళీ అవుతోంది తల్లీ. నేను తాగి కాదు. వాచ్‌మన్ పెంచే కుక్కకి కలిపి పోస్తున్నాను. అది నిగనిగలాడిపోతోంది. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ, "దీనికేం పెడుతున్నావో చెప్పవయ్యా, మా ఆయనకీ అదే పెడతాను" అని వాచ్‌మన్‌ని అడిగింది. తలుపు చాటున విని నోరు మూసుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది.

కోప్పడకు. ఆ గ్లాసు నోటి దాకా తెస్తే నా కొడుకు వాసన వస్తుంది. పొద్దున్నే ఆ పొడి సీసాలో గిలకొట్టి, గుమ్మంలోనే తాగేసి జిమ్‌కి పరిగెత్తేవాడు. ఈ చుట్టుపక్కల ముసలివాళ్ళందరికీ కసరత్తు నేర్పి మోకాళ్ళు బాగుచేసినవాడు. నలభై రెండేళ్ళకే నిన్నూ నన్నూ వదిలేసి వాడి గుండె ఆగిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా ఎదుటే, "రోజూ అంత కసరత్తు చేసి ఏం లాభం" అనుకున్నారు. ఈ ఎనిమిది నెలలూ నా లోపలా అదే మాట తిష్ట వేసుకుని కూర్చుంది.

రెండోది కుర్చీ కసరత్తు. ఈ వయసులో కండ కరిగిపోతుందనీ, పొడి ఒక్కటే తాగితే చాలదు, ఒళ్ళు కూడా కదలాలనీ రాశావు. వాడూ అదే అనేవాడు. చేతులు గుండెలమీద పెట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లేవమనేవాడు. ఎదురుగా నిలబడి లెక్కపెడుతూ తొమ్మిది దాకా సక్రమంగా వచ్చి, మళ్ళీ తొమ్మిది, మళ్ళీ తొమ్మిది అనేవాడు. "రెండో తరగతి చదివిన నాకే వచ్చు, నీకు పది రాదట్రా" అంటే, "మూడో తొమ్మిదిలోనే ఉందమ్మా బలమంతా" అని దొంగనవ్వు నవ్వేవాడు. ఇప్పుడా కుర్చీ మీద ఉతికిన బట్టలు పడేస్తున్నాను.

జిమ్‌లో వాడి ముసలి బ్యాచిని ఇప్పుడు రిటైరైన పోస్టుమాస్టరుగారు నడుపుతున్నారు. ఒకటి నుంచి పది దాకా ముద్రలు గుద్దినట్టు లెక్కపెట్టి ఆపేస్తారట. రమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. ఒళ్ళు బాగాలేదన్నాను.

మూడోది, కిందటి ఉత్తరంలో అక్షరాలు వంకర్లు పోయాయేమని. అది రాసే ముందురోజు స్నానాలగదిలో జారిపడ్డానమ్మా. కుడి మణికట్టు బెణికింది. ఎముక విరగలేదు, ఇప్పుడు కట్టు కూడా విప్పేశారు. నువ్వు సెలవు పెట్టి పరిగెత్తుకొస్తావని దాచాను.

దాచింది అదొక్కటే అయితే బాగుండేది. పడ్డాక నేను కేక వెయ్యలేదు. కింద కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క అరుపు అరిస్తే ఆవిడ వచ్చేది. అరవలేదు. పొడి మానేసింది కూడా వాసన ఒక్కదానికే కాదు. బలం తెచ్చుకుని ఎవరికోసం, ఇలాగే వాడి దగ్గరికి పోతే చాలనుకున్నాను. తడినేలకి చెంప ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాను. కుళాయిలోంచి చుక్కా చుక్కా పడుతోంది. వద్దనుకుంటూనే లెక్కపెట్టాను. తొమ్మిది దాటి నోరు పదికి పోలేదు. తొమ్మిది అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి అనేసరికి ఎడమచెయ్యి పీట మీద ఊని నిలబడి ఉన్నాను. ఎలా లేచానో నాకే తెలియదు. నన్ను లేపినందుకు వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. గోడకి ఆనుకుని వాణ్ణి తిట్టి తిట్టి ఏడ్చాను.

నిన్న జిమ్‌కి వెళ్ళాను. వెనక వరసలో గోడపక్క కూర్చున్నాను. పోస్టుమాస్టరుగారు పది అనగానే అందరూ కుర్చీల్లో కూలబడ్డారు.

"ఇంకా తొమ్మిదే అయిందండీ" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మెల్లిగా తొమ్మిది అన్నారు. అందరం లేచాం.

ఇవాళ తొడలు పచ్చిపుండులా ఉన్నాయి. అలిసిపోయాను తల్లీ, ఒళ్ళొక్కటే కాదు. అయినా రేపూ వెళ్తాను. ఇంకో డబ్బా పంపు. కుక్కకి అలవాటు చేశాను గనుక దానికొక చెంచా తప్పదు, మిగతాది నేనే తాగుతాను. నువ్వు ప్రతి ఉత్తరంలో నా తిండి గురించే రాస్తావు, నువ్వేం తింటున్నావో ఒక్క ముక్క రాయవు. ఈసారి అది రాయి. నాలాగా అబద్ధం మాత్రం రాయకు.

ఇట్లు,
ఇంకా తొమ్మిది దగ్గరే ఉన్న
మీ అత్తయ్య