దిగిరాని అంకె

మంగళూరు,
ఆగస్టు 11.

నా బంగారు అమ్మకి,

నీ కొడుకు ధనరాజు రాసేది. ముందు హేమకి ఒక మాట. చెల్లీ, నేను రాసింది రాసినట్టే చదువు. మధ్యలో నీ తెలివి కలపకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అంటావు. ఫోన్ చేస్తే నువ్వు రెండో మాటకే ఏడుస్తావు, మూడో మాటకి నరసింగరావు మాస్టర్ని తిడతావు. రెండూ వినలేను. కాగితమైతే నువ్వు అడ్డు తగలలేవు.

అమ్మా, నాకు కోపంగా ఉంది. జూన్ నుంచి తగ్గడం లేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. వేట నిషేధం రోజులు, మగాళ్లందరూ ఒడ్డునే ఉన్నారు. తుఫాను షెల్టర్లో తెర కట్టారు. నువ్వు కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నావు. తెర మీద ఎనిమిది ఫుట్‌బాల్ జట్లవాళ్లు గుండ్రటి బల్లల దగ్గర కూర్చుని నీళ్లు తాగుతున్నారు. ఒక్కో ఆటగాడి పేరు వేస్తారు, పక్కనే అతను అడిగిన కనీస మొత్తం వేస్తారు. కావాలనుకున్న జట్టు కార్డు ఎత్తుతుంది. ఎవరూ ఎత్తకపోతే తర్వాతి పేరు. దాన్ని డ్రాఫ్ట్ అంటారట. నా పేరు వచ్చింది. ఎడమ వైపు డిఫెండర్, శ్రీకాకుళం జిల్లా. పేటంతా ఈలలు. తెర మీద ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు, ఒకడు పక్కవాడితో నవ్వుతున్నాడు. ఈలలు ఆగకముందే నా పేరు పోయింది. ఈలలు వేసినవాళ్లకి సంగతి అర్థమయ్యేసరికి ఇంకో ఇద్దరి పేర్లు కూడా వచ్చి పోయాయి.

నాకు ఆట ఎవరు నేర్పారు? ఫోన్లో చూసి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, ఇసకలో ఆడి నేర్చుకున్నాను. స్కూల్‌కి నరసింగరావు మాస్టరు వచ్చాకే గీతలు గీసిన మైదానం అంటే ఏమిటో చూశాను. విశాఖపట్నం సెలక్షన్లలో రెండు రోజుల పాటు నన్ను దాటి బంతి పట్టుకెళ్లినవాడు ఒక్కడే. వాణ్ని కూడా రెండోసారి పోనివ్వలేదు. ఆ ఒక్కడు ఇప్పుడు ఢిల్లీ జట్టులో ఉన్నాడు. నేను ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాను.

ఎల్లాజీ మావ ఈ పని ఇప్పించాడు. ఐసు దిమ్మని కొక్కెంతో లాగి మరలో పడేస్తాను. పొడై బోట్లలోకి పోతుంది. మధ్యాహ్నం రెండుకి షిఫ్టు దిగి, బస్సెక్కి, మంగళూరు జట్టు ప్రాక్టీసు చేసే మైదానానికి పోతున్నాను. పన్నెండు రోజులు గేటు దగ్గర నిలబడ్డాను. పదమూడో రోజు కోచ్ తనే వచ్చి హిందీలో చెప్పాడు. డబ్బులివ్వం, కాగితం రాయం, దెబ్బ తగిలితే నీదే బాధ్యత, ఇష్టమైతే లోపలికి రా. పోయాను. వాళ్ల ఫార్వర్డులు తప్పించుకుపోవడం ప్రాక్టీసు చెయ్యడానికి అడ్డంగా పాతిన గుంజని నేను. రెండు వారాలైంది, ఒక్కడూ సరిగ్గా తప్పించుకోలేకపోతున్నాడు. వాళ్లకి నా మీద చిరాకు. నాకు లోకం మీద చిరాకు. ఆట బాగానే సాగుతోంది.

హేమ చెప్పింది, మాస్టరు బండి మీద చేపలు కడిగిన నీళ్లు పోశావట. నా జాగా వేరేవాడికి అమ్ముకున్నాడని ఒడ్డున అందరితో అంటున్నావట. వద్దమ్మా. ఆయన జోలికి పోకు. ఎందుకని అడక్కు.

కోపంతోనూ ప్రేమతోనూ,
ధనరాజు

*

మంగళూరు,
నవంబరు 3.

మెడ నొప్పంటూనే తట్ట దించని అమ్మకి,

మంచి మాట ముందు చెబుతాను. మంగళూరు జట్టులో ఎడమ వైపు ఆడే అతనికి చీలమండ విరిగింది. అతని బదులు ఇంకొకణ్ని తీసుకోవాలంటే, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని వాళ్లలోంచే తీసుకోవాలని లీగు రూలు. కోచ్ నా వైపు చూపించాడట. నిన్న కాగితాల మీద సంతకం పెట్టాను. శనివారం మా ఆట ఉంది, టీవీలో వస్తుంది. బదులు వచ్చినవాడికి అన్నిటికన్నా కింది జీతమే ఇస్తారు. పరవాలేదు. నాన్నకి చెప్పు. ఐసు ఫ్యాక్టరీ మానేశాను, కొక్కెం ఎల్లాజీ మావకి ఇచ్చేశాను.

హేమా, ఇక్కడ కాగితం మడిచెయ్. మిగతాది నీకు మాత్రమే. అమ్మకి చదవకు.

సంతకం కోసం జట్టు మేనేజరు ఆఫీసుకి పిలిచింది. ఆవిడ పేరు తులసి. డ్రాఫ్ట్ కోసం పంపిన నా పాత ఫారం కంప్యూటర్లో తెరిచి నా వైపు తిప్పింది. కనీస మొత్తం దగ్గర మాస్టరు నీలం పెన్నుతో నాలుగు లక్షలు అని రాశారు. దాని మీద నల్ల పెన్నుతో అడ్డగీత. పైన నా చేతిరాతతో ముప్పై లక్షలు. ఆవిడ నవ్వింది. దేశం తరఫున ఆడినవాళ్లు రాసే అంకె ఇది, నీకెవరు చెప్పారు రాయమని, అంది. తర్వాత నవ్వకుండా ఇంకో మాట అంది. మా కోచ్ నీ పేరు విశాఖపట్నంలోనే రాసుకున్నాడు, మేం కార్డు ఎత్తుదామనే వచ్చాం, ఈ అంకె చూసి పేజీ తిప్పేశాం.

చెల్లీ, ఆ మాట విన్నాక కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఏప్రిల్ మొదట్లో జరిగింది చెబుతాను. ఫారం ఆ సాయంత్రంలోపు పంపాలి. మాస్టరు అన్నీ నింపి, సంతకం పెట్టి తెమ్మని నాకిచ్చారు. నేను దాన్ని పట్టుకుని ఒడ్డుకి పోయాను. అమ్మ కవ్వళ్ల చేపల తట్ట వేలం పాటకి పెడుతోంది. మన ఒడ్డున పాట ఎలా సాగుతుందో నీకు తెలుసు. అమ్మ పెద్దది చెబుతుంది. కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారు. అమ్మ కొంచెం తగ్గిస్తుంది. వాళ్లు ఇటు తిరుగుతారు. ఎక్కడో ఒకచోట కుదురుతుంది. మొహం తిప్పుకున్నవాడు ఎక్కడికీ పోడు, అక్కడే నిలబడి ఉంటాడు. నేను అంకె చదివి వినిపిస్తే అమ్మ మండిపడింది.

"నాలుగేటిరా? నువ్వేటి పాసిపోయిన సేపవా? ముప్పై సెప్పు. ఎవులూ అడక్కపోతే అప్పుడు దిగుదువుగాని."

ఆడవాళ్లందరూ నవ్వారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. అక్కడే తట్ట అంచు మీద కాగితం పెట్టి గీత కొట్టి ముప్పై రాశాను. మాస్టరు చూసి, "రాజూ, అక్కడ దిగనివ్వరురా, ఒకసారి రాసిందే ఆఖరు" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "మాయమ్మ సెప్పినాది. మీరెప్పుడైనా సేపలమ్మినారేటి మాస్టారూ?" అన్నాను. ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. నరసన్నపేట పోయి నెట్ సెంటర్లో ఆయనే పంపించారు.

డ్రాఫ్ట్ అయిన మర్నాడు పేటంతా ఆయన్ని చుట్టుముట్టింది, నా జాగా అమ్ముకున్నాడని. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన బండి తీసుకుని వెళ్లిపోయారు. నిజం చెబితే అమ్మ పేరు బయటికి వస్తుంది, అమ్మ తట్టుకోలేదు, అందుకే ఊరుకున్నాను అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. మాస్టర్ని నేనన్న మాట బయటపడుతుందని ఊరుకున్నాను. బల్లల దగ్గర నీళ్లు తాగేవాళ్లని ఐదు నెలలు తిట్టాను. ఆ తిట్లన్నీ నాకు చెందాల్సినవి.

నిన్న సంతకం పెట్టిన జీతం ఎంతో తెలుసా? నాలుగు లక్షలు. మాస్టరు రాసిన అంకె.

మడత ఇప్పకు.

నీ అన్న,
ధనరాజు

*

మన పేట,
నవంబరు 14.

అన్నయ్యా, అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, తిట్లతో సహా. హేమ.

నా సిట్టి తండ్రి రాజుకి,

కాగితం మడిసీమన్నావట. మడిసింది. మడిసినప్పుడు దాని మొకం సూసినాను. ముప్పై ఏళ్లుగా మొకాలు సూసి బేరం సేస్తన్నాను, నా కూతురు మొకం నాకు తెలీదేటి? ఇప్పు అన్నాను. ఇప్పింది. మొత్తం ఇన్నాను.

ఏటనుకున్నావురా నన్ను? నా తప్పు నాకు తెలిస్తే సచ్చిపోతాననుకున్నావా? దినానికో తట్ట తప్పు ధర సెప్తాను నాను. ఇంటికొచ్చి అన్నం తింటాను, మర్నాడు మళ్లీ ఎల్తాను. అంత అడిగితే తర్వాత ఆలు దిగనియ్యరని నాకు తెలీదు. తెలీక సెప్పినాను. నువ్వు, తెలిసినోడు ఎదుట నిలబడి సెప్పినా ఇన్లేదు. అందులో నీదే ఎక్కువ.

మర్నాడే రెండు సందువ సేపలు పట్టుకొని మాస్టరు ఇంటికి ఎల్లినాను. ఆయన పెల్లాం సుభద్రమ్మ గేటు తియ్యలేదు. "ఈ పాలి ఏటి పొయ్యడానికొచ్చినావు?" అంది. అనాల్సిందే. నాను గేటు బయటే కూకున్నాను. మాస్టరు బడి నించి వచ్చి సూసి లోపలికి పిలిసినారు. ఎందుకు సెప్పలేదు బాబూ, ఇన్నేసి మాటలన్నాను గదా, అనడిగినాను. ఆయనేమన్నారో రాయించుకో.

"గున్నమ్మా, నాకు వచ్చే జూన్‌లో బదిలీ ఉన్నాది. నేను పోతే ఈ తిట్లు ఇక్కడే ఉండిపోతాయి. నీకు బదిలీ లేదు గదా."

నాకు ఏడుపు రాలేదురా. కోపమొచ్చింది. నాను తట్టుకోలేనని మీరిద్దరూ సెరో పక్కనించి తీర్మానం సేసీసినారు. నన్నొక్క మాట అడిగినారా? ఆ మాట ఆయన మొకం మీదే అనీసినాను. తర్వాత దండం పెట్టినాను. సుభద్రమ్మ సేపలు తీసుకున్నాది.

నాను తిట్టింది పేట ముందల. అందుకే ఒడ్డున అందరి ముందలా నా తప్పు సెప్పీసినాను. నీది సెప్పలేదు. నువ్వు నోరు మూసుకున్నదీ పేట ముందలే. నువ్వే సెప్పుకో. ఎలా సెప్తావో నాకు తెలీదు. అందాకా నాకు ఉత్తరాలు రాయకు.

ఆట బాగా ఆడు. కాలు జాగర్త.

నీ అమ్మ గున్నమ్మ
(వేలిముద్ర వేస్తానంది, వేయించాను. హేమ.)

*

మంగళూరు,
ఫిబ్రవరి 22.

నేను తలెత్తి చూడలేని మాస్టారికి,

ఈ ఉత్తరం నవంబరులోనే రాయాల్సింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. రాసి పంపితే మీకొక్కరికే తెలుస్తుంది. అమ్మ చెప్పింది అది కాదు.

పదకొండు ఆటలు ఆడాను మాస్టారూ. మొదటి రెండిట్లో బంతి వస్తే చాలు బయటికి తన్నేశాను. మూడో ఆట ఢిల్లీ జట్టుతో. విశాఖపట్నంలో నన్ను దాటిపోయిన కుర్రాడు ఎదురుపడ్డాడు. తొంభై నిమిషాల్లో ఒక్కసారీ దాటలేదు. చివర్లో నా చొక్కా పట్టుకుని లాగాడు. అప్పటి నుంచి బంతిని ఊరికే బయటికి తన్నడం లేదు.

మొన్న ఆఖరి లీగు ఆటలో ఉత్తమ ఆటగాడి బహుమతి నాకిచ్చారు. మీరు చూశారో లేదో. చూడకపోతే నేనే చెప్పాలి. మైకు పట్టుకున్నవాడు ఇంగ్లీషులో అడిగితే మా గోల్‌కీపరు హిందీలో చెప్పాడు. డ్రాఫ్ట్‌లో నిన్ను ఎవరూ తీసుకోలేదు, ఇప్పుడు వాళ్లకి ఏం చెబుతావు, అని. దానికి జవాబు జూన్ నుంచి నా దగ్గర సిద్ధంగా ఉంది. ఐసు దిమ్మలు లాగుతూ రోజూ అప్పచెప్పుకున్నాను. అంతా బూతులే. మైకు దగ్గరికి వచ్చేసరికి మన పేట కనిపించింది, తుఫాను షెల్టర్లో తెర, ముందు వరసలో అమ్మ. తెలుగులోనే చెప్పాను.

"నన్ను తీసుకోకపోడం ఆల తప్పు కాదు. తప్పుడు అంకె రాసింది నాను. మా నరసింగరావు మాస్టరు వద్దన్నారు. ఇన్లేదు, ఎటకారం సేసినాను. తర్వాత ఆయన్ని పేటంతా తిడతంటే పక్కన నిలబడి నోరు మూసుకున్నాను."

మైకువాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చప్పట్లు కొట్టి, తల్లిదండ్రులకి కృతజ్ఞతలు చెప్పాడని ఇంగ్లీషులో అనేశాడట. మన షెల్టర్లో మాత్రం అందరికీ అర్థమైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదని హేమ చెప్పింది. అమ్మ లేచి వెనక్కి తిరిగి, "ఇన్నారా?" అని అడిగి, మళ్లీ కూర్చుందట.

ఇప్పుడు మీతో ఒక మాట. మీ మీద కూడా నాకు కోపం ఉంది. ఆ రోజు మీరు నా చెంప పగలగొట్టి, చెప్పరా నిజం అని అందరి ముందూ నిలబెట్టాల్సింది. మీ ఓర్పు వెనక నేను ఇన్ని నెలలు దాక్కున్నాను. దాక్కోవడం ఎంత సులువో అలవాటైపోయింది. ఇంకో కుర్రాడికి అలా చెయ్యకండి. తిట్టండి. మీకు తిట్టే హక్కు ఉంది.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. చేతనైంది చేస్తున్నాను. వచ్చే ఏడాదికి నన్ను ఉంచుకుంటామని తులసి మేడం కాగితం ఇచ్చింది. డ్రాఫ్ట్ లేదు. ఎంత కావాలో నువ్వే చెప్పు, కూర్చుని మాట్లాడుకుందాం, అంది. ఈసారి దిగొచ్చు, ఎక్కొచ్చు. వాళ్లు మొహం తిప్పుకున్నా అక్కడే నిలబడి ఉంటారు.

ఆ కాగితం దీంతోపాటు పెడుతున్నాను. కింద సంతకం పెట్టేశాను. నేను అడిగే అంకె రాయాల్సిన గడి ఖాళీగా వదిలాను. మీరు దీన్ని పట్టుకుని ఒడ్డుకి వెళ్లండి, పాట అయ్యాక అమ్మ తీరిగ్గా ఉంటుంది. ఆవిడ పెద్దది చెబుతుంది, మీరు చిన్నది చెబుతారు. ఇద్దరూ దెబ్బలాడుకుని ఒకటి తేల్చండి. రాయడం మాత్రం మీరే రాయండి, నీలం పెన్నుతో. కొట్టివేతలు ఉండకూడదట.

తొందరగా పంపండి. జూన్‌లో మీకు బదిలీ ఉంది.

మీ మాట వినని శిష్యుడు,
ధనరాజు
ఎడమ వైపు డిఫెండర్