సారసం ముందు మాట్లాడకూడదు

మార్చి 4
గుడ్డు పగిలింది. పిల్ల బతికింది. దీని తల్లీతండ్రీ కరెంటు తీగలకు తగిలి పోయాయి. మా మడుగులో పుట్టిన సారసపక్షి ఇక ఇదొక్కటే.

పక్షుల డాక్టరు నియమం చెప్పాడు. పిల్ల మనిషి ముఖం చూడకూడదు, గొంతు వినకూడదు. బూడిదరంగు ముసుగు వేసుకుని, చేతికి తొడుక్కున్న, గుడ్డతో చేసిన సారసం తలతో తినిపించాలి. మనిషికి అలవాటైతే తన జాతిని గుర్తుపట్టదు. చలికాలంలో దిగే గుంపుతో కలిసి ఎగిరిపోవాలి, జంట కట్టి తిరిగి రావాలి. అలా అయితేనే మడుగులో మళ్లీ సారసాలుంటాయి.

ఆ పని నేనే చేస్తానన్నాను.

అక్క ఫోన్‌లో నవ్వింది. మనుషులతో ఎలాగూ మాట్లాడవు, ఇప్పుడు పక్షితోనూ మాట్లాడకూడదా, మరి నోరెందుకురా నీకు, అన్నం తినడానికేనా అంది.

మార్చి 19
తిండి: పురుగులు, చిన్న చేపలు. బాగా తింది. మాట్లాడలేదు.

మార్చి 30
పిల్ల కాలు కంచె తీగలో ఇరుక్కుంది. గింజుకుంటోంది. ఇంకాస్త గింజుకుంటే ఎముక విరుగుతుంది. వంగేసరికి నా ముసుగు కూడా తీగకు చిక్కి ఊడిపోయింది. రెండు చేతులా పట్టుకుని, భయం లేదమ్మా, నేనున్నాగా అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. గింజుకోవడం మానేసింది. నా ముఖంలోకే చూసింది.

డాక్టరుకు చెప్పాను. ఒక్కసారికి ఏం కాదులెండి సార్ అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

మార్చి 31
ముసుగు వేసుకునే వెళ్లాను. గుడ్డ తలను పట్టించుకోలేదు. ముసుగు అంచు ముక్కుతో ఎత్తి లోపలికి చూసింది.

జూన్ 11
బోర్డ్ మీటింగ్. తాతయ్య ఈ మడుగు ఎండగట్టి ఫ్యాక్టరీ కట్టాడు. నాన్న పెంచాడు. నేను మూసేసి నీళ్లు వదిలాను. పని పోయినవాళ్లను నా ఆసుపత్రిలో పనికి పెట్టుకున్నాను. అందరినీ కాదు. ఆసుపత్రి కట్టించినప్పుడు దేవుడన్న నోళ్లే ఇప్పుడు పిచ్చోడంటున్నాయి.

బాబాయి బల్ల గుద్దాడు. బడి ముఖం చూడనివాడి చేతికి ఆస్తి వస్తే ఇంతే, మూడు తరాల కష్టం కొంగల పాలు చేశావు కదరా అన్నాడు.

కొంగలు కావు, సారసాలు అన్నాను. మీటింగ్ మొత్తంలో నేను మాట్లాడింది అదే.

నవంబర్ 23
గుంపు దిగింది. కంచె గేటు తెరిచాం. పిల్ల వాటి మధ్యకు నడిచింది. పెద్ద సారసం ఒకటి దగ్గరకొచ్చి కూసింది. ఇది పలకలేదు. గట్టెక్కి, రోడ్డు దాటి, బస్ స్టాప్‌లో మా ఆసుపత్రి నర్సుల పక్కన నిలబడింది.

దీనికి ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా అని ఒక నర్సు అడిగిందట. నా కారు డ్రైవరు చెబుతూ నవ్వాడు. నన్ను చూసి ఆపేశాడు.

జనవరి 9
ఇవాళ కూడా నర్సుల పక్కనే.

ఫిబ్రవరి 20
గుంపు రేపో మాపో లేస్తుంది. డాక్టరు అన్నాడు, మీరంటే దానికి భయం పుట్టాలి సార్, తరిమికొట్టండి, ఇక వేరే దారి లేదు.

ఫిబ్రవరి 21
గుంపు లేచింది. ఇది నా దగ్గరే ఉంది. పో అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. రాయి విసిరాను. రెక్కకు తగిలింది.

పిల్ల రెండడుగులు పక్కకు వేసి ఆగింది. వెనక్కి వచ్చి ఆ రాయిని ముక్కుతో పట్టుకుని గాల్లోకి ఎగరేసింది. తల వంచింది. రెక్కలు విప్పి గెంతింది. నన్నే చూస్తూ మళ్లీ ఎగరేసింది.

డాక్టరు, తోడు దొరికితే సారసాలు ఇలాగే ఆడతాయి సార్ అన్నాడు.

అప్పటికి గుంపు కనుమరుగైంది.

ఫిబ్రవరి 22
పొద్దున మళ్లీ ఆడింది. చుట్టూ ఎవరూ లేరు. నేనూ తల వంచాను. మోకాళ్ల నొప్పులతోనే గెంతాను.