అమ్మ బండికి క్యామ్‌షాఫ్ట్

న్యూ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

పెద్దలు ఉమాపతి గారికి నమస్కారాలు.

నా పేరు బుజ్జిబాబు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌ని. క్యామ్‌షాఫ్ట్ పనిలో విశాఖపట్నం మొత్తానికి మీ తర్వాతే ఎవరైనా అని మా వర్క్‌షాప్ మేస్త్రీ నూకరాజు గారు చెప్పారు. ఫోన్ చేస్తే మీ ఆవిడ అనసూయ గారు ఎత్తారు. మిషన్ల మోతకు మీకు చెవులు సరిగా వినపడవనీ, వాట్సాప్ ముట్టుకోరనీ, ఉత్తరం రాస్తే మాత్రం జవాబిస్తారనీ అన్నారు. అందుకే రాస్తున్నాను.

అమ్మ లారీ ఇంజను పోయింది. బండి ఆగిన దగ్గర నుంచి అమ్మ గడప దాటి రావడం లేదు. మా వీధంతా దిగులుగా ఉంది. వేలంలో ఒక పాత ఫైర్ బండి ఇంజను కొన్నాను. ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ ఇంజను, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. అమ్మ ఎడమ కాలు దెబ్బతింది కాబట్టి క్లచ్ బండి ఇక కుదరదు.

ఆ ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయింది. అన్నిటికన్నా పెద్దది చేసి పంపండి. ఆగి ఉన్నప్పుడు కూడా బండి గుడగుడమని గర్జించాలి. టార్క్ కన్వర్టర్లు రెండు దొరికాయి. ఒకటి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే పట్టేది, రెండోది ఇంజను బాగా అరిచాక పట్టేది. ఏది వెయ్యమంటారు?

ఇట్లు,
బుజ్జిబాబు

తా.క.: "ఇంజను గొంతు నాకేటికిరా, బరువు లాగితే సాలు" అంటోంది అమ్మ. ఆ మాట పట్టించుకోకండి.

*

విశాఖపట్నం.

చిరంజీవి బుజ్జిబాబుకు ఉమాపతి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి దేవుడి పటం ముందు పెట్టాను. ఎన్నో లారీలకూ, చేపల బోట్లకూ క్యామ్‌లు చేశాను గానీ అమ్మవారి బండికి చేసే భాగ్యం ఎప్పుడూ రాలేదు. అమ్మవారి ఎడమ కాలికి దెబ్బ అని చదివితే అనసూయ కళ్ళు తుడుచుకుంది.

బాబూ, క్యామ్‌షాఫ్ట్ అంటే ఇంజనుకు ఊపిరి నేర్పే కడ్డీ. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో అదే చెబుతుంది. పెద్దది వేస్తే పందేల బండిలా వేగంలో ఊపిరి బాగా ఆడుతుంది, నెమ్మదిగా పోయేటప్పుడు ఆయాసపడుతుంది. ఆగి ఉన్నప్పుడు బండి మొత్తం ఊగుతుంది. అమ్మవారిని ఊపుతావా?

ఇక టార్క్ కన్వర్టర్. నూనెలో ఎదురెదురుగా కూర్చున్న రెండు పంకాలు. ఇంజను ఒకదాన్ని తిప్పుతుంది, ఆ నూనె తోపుకు రెండోది తిరిగి చక్రాలను కదుపుతుంది. పంకాను పంకా తాకదు, అయినా కొండంత బండి కదులుతుంది. తల నెరిసినా నాకు అదొక మహిమలాగే ఉంటుంది.

ఇవి చెప్పు: అమ్మవారి బరువెంత? నిలబడి ఉంటారా, కూర్చునా? దారిలో ఎన్నిసార్లు ఆగుతారు? బయలుదేరే ముందు నైవేద్యం ఏమిటి?

శ్రేయోభిలాషి,
ఉమాపతి

తా.క.: అమ్మవారి మాట పట్టించుకోవద్దని ఇంకెప్పుడూ రాయకు. లెంపలు వేసుకో.

*

ఖరగ్‌పూర్.

ఉమాపతి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. మా వైపు అమ్మగారు అంటేనే గొప్ప, మీరు ఏకంగా అమ్మవారు అన్నారు. విశాఖ మర్యాదే వేరు. మీరు రాసినట్టే లెంపలు వేసుకుంటే, "ఇన్నాళ్ళకి ఒకడు సెప్పినాడు" అంది అమ్మ.

అమ్మ కూర్చునే ఉంటుంది. బరువు మాత్రం నేను అడగలేను, మీరే వచ్చి అడగండి. వెనకాల గుమ్మడికాయలూ బంగాళాదుంపలూ నిండా ఉంటాయి. ఎర్రయ్య అని ఒక మనిషి వెనక కూర్చుని దించుతాడు. సాలువా దగ్గర బయలుదేరి తాల్‌బగీచా మీదుగా మా న్యూ సెటిల్‌మెంట్ దాకా ప్రతి వీధి మొగలోనూ ఆగుతుంది. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఎదురొస్తారు. ట్రాఫిక్ పోలీసు దాదా కూడా చెయ్యెత్తి దండం పెట్టి తోవ ఇస్తాడు. బయలుదేరే ముందు చద్దన్నం, ఎండు చేపల పులుసు. అది లేకపోతే కదలదు.

మీ
బుజ్జిబాబు

తా.క.: కోపం కాస్త ఎక్కువ. ఒకసారి ఒక బస్సు డ్రైవరు అమ్మకు అడ్డం వచ్చాడు. అతను ఇప్పుడు బస్సు నడపడం లేదు, పాన్ దుకాణం పెట్టుకున్నాడు.

*

విశాఖపట్నం.

ధన్యుడైన బుజ్జిబాబుకు,

పాన్ దుకాణం సంగతి చదివి నాకూ అనసూయకూ ఒళ్ళు జలదరించింది.

క్యామ్‌షాఫ్ట్ పంపుతున్నాను. ఉపవాసం ఉండి, చెప్పులు విడిచి మిషన్ దగ్గర నిలబడ్డాను. ఇనుప రజను అరికాళ్ళలో గుచ్చుకున్నా పని ఆపలేదు. నువ్వడిగిన గర్జించేది కాదు. బరువు మీద, నెమ్మదిగా, ఆగి ఆగి వెళ్ళే బండికి వాల్వులను తక్కువసేపు తెరిచే నెమ్మదైన క్యామ్ కావాలి. దానికి తోడు నెమ్మదిలోనే పట్టే టార్క్ కన్వర్టర్ వెయ్యి. పాదం కాస్త ఆనిస్తే చాలు, కుదుపు తెలియకుండా లేస్తుంది.

ఒక్కటి మరిచిపోకు. కొత్త క్యామ్‌తో మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజనును నెమ్మదిగా తిరగనివ్వకూడదు. కాసేపు గట్టిగానే తిప్పాలి, అప్పుడే నూనె అంతటా చిమ్మి క్యామ్ కుదురుకుంటుంది.

బండి సిద్ధమైతే కబురు పెట్టు. మా భజన బృందంతో సహా దర్శనానికి వస్తాం.

ఉమాపతి

తా.క.: క్యామ్‌ను పసుపు గుడ్డలో చుట్టింది అనసూయ. పార్శిల్ ముట్టుకునేవాళ్ళు స్నానం చేసి ఉండాలి. పోస్టాఫీసులో ఆ మాట అడగబోతే నన్ను బయటికి పంపేశారు.

*

ఖరగ్‌పూర్.

ఉమాపతి గారికి,

నిన్న స్టార్ట్ చేశాం. మీరు చెప్పినట్టే గట్టిగా తిప్పాను. ఆ మోతకు మా క్వార్టర్ల కిటికీలన్నీ గలగలలాడాయి, జనం బయటికి వచ్చి నిలబడ్డారు. తర్వాత నెమ్మదికి దించాను. ఉమాపతి గారూ, ఇంజను ఆగిపోయిందనుకున్నాను. బానెట్ మీద చెయ్యి పెడితే గానీ తిరుగుతోందని తెలియలేదు. గర్జన కావాలని అడిగినవాణ్ణి, ఆ నిశ్శబ్దం వినడానికి చుట్టూ ఉన్నవాళ్ళను మాట్లాడొద్దన్నాను. అమ్మ తనంతట తానే గడప దాటి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి బానెట్ నిమిరింది.

ఆదివారం అందరూ రండి. భజన ఎందుకో అమ్మకు అర్థం కాలేదు గానీ, "రానియ్యిరా, సరదా మడుసులు" అంది.

మీ
బుజ్జిబాబు

తా.క.: ఆదివారం పొద్దున నాకు డ్యూటీ ఉంది. స్టేషన్‌కు అమ్మే స్వయంగా వస్తుంది. బోగ్‌దా వైపు గేటు బయట నిలబడండి.

*

విశాఖపట్నం.

ప్రియమైన బుజ్జిబాబుకు,

ఆదివారం సాయంత్రం నువ్వు డ్యూటీ నుంచి వచ్చాక నీ ఎదుట చెప్పలేకపోయాను. ఉత్తరంలోనైతే సిగ్గు కాస్త తగ్గుతుంది.

అమ్మవారే స్వయంగా స్టేషన్‌కు వస్తారని చదివాక మా బృందంలో ఎవరికీ రైల్లో నిద్ర పట్టలేదు. బోగ్‌దా వైపు దిగి, తాళాలూ మృదంగంతో, హారతి పళ్ళెంతో వరసగా నిలబడ్డాం. లారీ వచ్చి ఆగింది. వెనకాల విగ్రహం లేదు, గుమ్మడికాయల మీద ఎర్రయ్య ఉన్నాడు. ముందు తలుపు తెరుచుకుంది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకున్న ఒక భారీ మనిషి, ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టుకుంటూ దిగింది. మా వైపు చూసి, "ఏటి, మీరు పెళ్ళోరా?" అని అడిగింది.

నేను క్యామ్‌షాఫ్ట్ ఉమాపతినని చెప్పాను. "నాను బుజ్జిగాడి అమ్మని, రత్నాన్ని. ఎక్కండి" అంది.

బాబూ, నేను అరికాళ్ళు కోయించుకున్నది మీ అమ్మగారి కోసం. మేం అందరం అది గుడి బండి అనుకున్నాం, అమ్మ మాటలని నువ్వు రాసినవి పూనకంలో పలికినవి అనుకున్నాం. మృదంగం ఆయన నన్ను చూసిన చూపు నీకు చెప్పలేను. వాళ్ళను గుమ్మడికాయల మధ్య ఎక్కించి, నేనూ అనసూయా ముందు కూర్చున్నాం. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పట్టాల మీది వంతెన ఎక్కుతుండగా ముందున్న టోటో, అదే మీ ఊరి బ్యాటరీ రిక్షా, ఆగిపోయింది. మేమూ సగం ఎత్తులో ఆగాం. వెనక అంత బరువు. బండి జారుతుందని నేను కళ్ళు మూసుకుని డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టాను. మీ అమ్మగారు కుడి పాదం కొంచెం ఆనించింది, అంతే. నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకున్నట్టు బండి పైకి లేచింది. నా చెవులకు ఇంజను చప్పుడు వినపడదు. కానీ నేను చేసిన క్యామ్ తిరుగుతుంటే, దాని లయ అరచేతిలోంచి గుండె దాకా వచ్చింది. ఇన్నేళ్ళ పనిలో నా చేతిపనిని అలా ఎప్పుడూ వినలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ తోవ వైపే చూస్తోంది, ఎవరి మెప్పు కోసమూ కాదు. వెనక భజన దానంతట అదే మొదలైందట, అనసూయ తర్వాత చెప్పింది.

అనసూయ ఆ రోజంతా రోడ్డు చూడలేదు. మీ అమ్మగారి చేతులే చూసింది. రైలెక్కే ముందు, "మీరు వెళ్ళండి, నాలుగు రోజులుండి వస్తాను" అంది. వంటలు నేర్చుకోవడానికి అనుకున్నాను. ఆమె ఎప్పుడు బయలుదేరుతుందో కనుక్కుని రాయి.

ఉమాపతి

తా.క.: ఈ కవరు అంటించబోతుంటే అనసూయ కార్డు వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "ఈ రోజు ఖాళీ బండి సాలువా దాకా నేనే నడిపాను. రత్నమ్మ గారు పక్కనే కునుకు తీశారు. బియ్యం అటక మీద డబ్బాలో ఉన్నాయి."